చెక్కభజన, నా సెకన్లు

ఆ రోజుల్లో నాకు తెలివి తక్కువేమీ కాదు. అది నా ఒక్కడికే ఉండాలనుకోవడమే తక్కువ బుద్ధి. అనంతపురంలో, జిరాక్సు షాపు పైగదిలో, చెక్కభజన బృందాలకు యాప్ చేసేవాళ్లం. పాట పెడితే వెంట చెక్కల తాళం పడుతుంది, నేర్చుకునేవాళ్లు అడుగులు వేసుకోవచ్చు. తాళం కోడ్ మొత్తం నాదే. కాలాన్ని సెకన్లలో, దశాంశాలతో రాశాను (గడియారం అలాగే కదా నడిచేది). దెబ్బ దెబ్బకూ పిసరంత తేడా పోగై, అరగంటకల్లా తాళం పాట వెనకాల కుంటుకుంటూ వచ్చేది. ఫోన్లు పాతవని అందరికీ చెప్పేవాణ్ణి.

టీమ్ లీడ్ పదవి ఇక నాదే అనుకుంటుండగా రాయదుర్గం నుంచి ఒకమ్మాయి చేరింది. వాళ్ల నాయన చెక్కభజన గురువట. వారం తిరక్కుండానే నా కోడ్ చదివేసి, "సెకన్లు వద్దన్నా. మా నాయన గడియారం చూడడు, మొదటి దెబ్బ నుంచి లెక్కపెడతాడు. మనమూ శబ్దం ముక్కలే లెక్కపెడదాం" అంది. ఒక్క సెకను శబ్దాన్ని కంప్యూటరు నలభై నాలుగు వేల చిల్లర ముక్కలు చేస్తుంది. అవి పూర్ణసంఖ్యలు, తేడా పోగవదు. ఇంత తేలిక సంగతి మూడేళ్లుగా నాకు తట్టలేదు. పైగా మా ఓనరు ఆ పిల్లకు ప్రత్యేకంగా టీ తెప్పించాడు. ఆ రోజు నుంచి ఆమెకెన్ని కప్పులు వస్తున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

కోడంతా ఆమె ముక్కల్లోకి మార్చింది. చెక్క దెబ్బ వేసే ఫైలు మాత్రం నేను చూసుకుంటానని నా దగ్గరే పెట్టుకున్నాను. నా సెకన్లు ఆ ఒక్క చోటైనా బతకాలని, అక్షరం ముట్టుకోకుండా, డెమో రోజు పొద్దున మార్చేశానని ఇచ్చేశాను.

బుక్కరాయసముద్రం నుంచి ఒక భజన గురువు వచ్చి కూర్చున్నాడు. అర సెకనుకో దెబ్బ అని నా ఫైలు చెబితే, మిగతా కోడు అర ముక్కకో దెబ్బ అనుకుంది. పల్లవి ఎత్తుకోకముందే గంటసేపటి దెబ్బలన్నీ రేకుల మీద వడగళ్లలా ఒక్కసారే పడి ఆగిపోయాయి.

"ఏమప్పా, భజన అంతా అయిపోయినట్లుండాదే. మంగళహారతి పాడేదా?" అన్నాడు గురువు తాపీగా.

ఓనరు నా వైపు చూశాడు. ఆ ఫైలు మార్చేది తానే మర్చిపోయినానని చెప్పి, ఆ పిల్ల పది నిమిషాల్లో సరిచేసింది. తర్వాత గంటసేపు గురువు కాలు తాళం తప్పలేదు. మంచితనంలో కూడా నన్ను దాటేసిందని ఇంకా కుళ్లుకున్నాను.

నిజం ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆమె నవ్వింది. "ఆ పొద్దే తెలుసన్నా. ఫైలు మీద మూడేండ్ల నాటి తేదీ ఉండాది కదా."

ఇప్పుడు ఆమే మా టీమ్ లీడ్. నా కోడ్‌లో ఎక్కడా సెకన్లు లేవు. ఆమెకు టీ వచ్చినప్పుడు మాత్రం ఇప్పటికీ కప్పులు లెక్కపెట్టి, నాలో నేనే నవ్వుకుంటాను. పూర్ణసంఖ్యల్లోనే లెండి.