ముందే తెలిసినవాణ్ణి పిలవడం

కరోనాకు ముందు సంవత్సరం. కృష్ణపట్నానికి ఉత్తరంగా ఒక చిన్న రేవులో, బోటు యజమానులంతా కలిసి పెట్టుకున్న వైర్‌లెస్ గదిలో నేను ఆపరేటర్‌ను. బోట్లలో వీహెచ్ఎఫ్ సెట్లు ఉంటాయి. బటన్ నొక్కి పట్టుకుంటే మన మాట పోతుంది, వదిలితే అవతలి మాట వినపడుతుంది. వేటకు వెళ్ళినవాళ్ళకు గాలివాన కబురు చెప్పడం, చిక్కుల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి ఇంకో బోటును పంపడం నా పని.

బోటు డ్రైవర్ ఏసోబు దేవుడి మీద నమ్మకంతో చివరిదాకా నోరెత్తకుండా కూర్చున్నాడని మా చర్చి సంఘంలో ఇప్పటికీ సాక్ష్యంగా చెప్పుకుంటున్నారు. జరిగింది అది కాదు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. సముద్రంలో ఏసోబు బోటు ఇంజను ఆగిపోయింది. జీపీఎస్ చూసి తానెక్కడున్నాడో చెప్పాడు. దగ్గర్లోని బోటును పంపాను. అది చేరేసరికి పొద్దుగూకుతుంది. కాసేపటికే ఏసోబు మళ్ళీ పిలిచాడు. అదే చోటు, అదే మాట. ఇంకాసేపటికి మళ్ళీ.

"ఏసోబూ, నువ్వెక్కడుండావో నాకు తెలుసు. బోటు వస్తా ఉంది. ఊరికే పిలవబాక, బ్యాటరీ దిగిపోతాది."

"నీకు తెలుసులే అన్నా. నువ్వుండావని నాకు తెలియాల గదా," అని నవ్వాడు. "సరే, ఆపేస్తాలే. నువ్వు పోయి అన్నం తిను."

ఇంజను ఆగితే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కదు. వినడానికి కొంచెమే ఖర్చు, మాట్లాడడానికి ఎక్కువ. కాబట్టి నేను చెప్పింది పద్ధతే. అయితే మధ్యమధ్య నేనే పిలిచి పలకరించి ఉండొచ్చు. అతను బదులివ్వకుండా వింటూ ఉంటే సరిపోయేది. ఆ ఆలోచనే నాకు రాలేదు.

అతని భార్య సువార్తమ్మ తడుస్తూ గదికి వచ్చింది. ఆదివారాలు వాక్యం చెప్పేవాణ్ణి కాబట్టి నన్నే అడిగింది.

"అన్నా, బైబిల్లో ప్రభువు ఒకచోటేమో తలుపు తీసేదాకా తడతానే ఉండమంటాడు. ఇంకోచోట మాటలు పెంచొద్దు, మీకేం కావాల్నో తండ్రికి ముందే తెలుసంటాడు. ఇప్పుడు నేను దేన్ని పట్టుకోవాల?"

"నమ్మినోళ్ళు ఊరకుండాలమ్మా. ఒకసారి చెప్తే చాలు. మళ్ళీ మళ్ళీ అడిగితే నమ్మనట్టే."

ఆమె గది బయట అరుగు మీద కూర్చుంది, పెదవులు కూడా కదపకుండా.

పొద్దుగూకే వేళకు ఆగిపోయిన బోటు దొరికింది. ఏసోబు లేడు. లంగరు సర్దుతుంటే అల లాక్కుపోయిందని తోటివాళ్ళు చెప్పారు. అతను మళ్ళీ దొరకలేదు. అంతకుముందు చాలాసేపు మైకు చేత్తో పట్టుకునే కూర్చున్నాడట. పిలవమంటే, "వద్దన్నాడు గదరా" అన్నాడట. బ్యాటరీలో చార్జింగ్ మిగిలే ఉంది.

నేను పలికినా అల ఆగేది కాదు. కానీ ఆ సాయంత్రం అతనికి వినపడవలసిన గొంతు వినపడలేదు. అప్పటినుంచి ఇంజను ఆగిన బోటు ఏదైనా సరే, చెప్పడానికి కొత్త సంగతి లేకపోయినా నేనే మాటిమాటికీ పిలుస్తున్నాను.

ఈ మధ్య సంఘంలో ఆ సాక్ష్యం మరోసారి విన్నాక, సువార్తమ్మ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. చేతిలోవి పరిచేసి తలెత్తింది.

"నవ్వినాడా?" అంది.

"నవ్వినాడమ్మా. నన్ను అన్నం తినమన్నాడు."

"అంతేలే. ఎప్పుడూ ఎదుటోళ్ళ కడుపే." కళ్ళు తుడుచుకుంది. "ఆ పొద్దు నువ్వు చెప్పిన కాడ్నుంచి నేను దేవుణ్ణి ఏమీ అడగలేదన్నా. మా ఆయన్ని ఒక్కసారి కలలోనన్నా చూపీమని అడగాలని ప్రాణం కొట్టుకునేది. అడిగితే నమ్మనట్టని ఊరకుండినా."

"నేను చెప్పింది తప్పమ్మా. ముందే తెలుసన్న మాట అడగొద్దని చెప్పింది కాదు. భయపడకుండా అడగమని."

"అయితే కూర్చో. అడిగేదానికి చానా ఉంది."

ఆమె చేపల పక్కనే మోకరించి, పైకే, అడిగిందే అడుగుతూ ప్రార్థన చేసింది. ఆమెకేం కావాలో దేవుడికి ముందే తెలుసు. అప్పటికి నాకూ తెలుసు. తెలిసినవాడు కూడా చివరిదాకా వినాలని నేను నేర్చుకున్నది ఆ వాకిట్లోనే.