ఫర్నేసు తలుపు

అప్పట్లో రోజంతా మైక్రోస్కోపుకి కన్ను ఆనించి కూర్చునేదాన్ని. బెజవాడలో లోహాలు పరీక్షించే ఒక చిన్న లాబ్‌లో ఉద్యోగం. సాయంత్రం భవానీపురం బస్సెక్కేసరికి ఎదుటి మనిషి ముఖం మీద కూడా చుక్కలే కనిపించేవి. ఇంటికెళ్తే వంట, అంట్లు. అబ్బబ్బ, తలుచుకుంటే ఇప్పటికీ నడుం లాగుతుంది.

మా ఆయనకు ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది, మామగారు పెట్టింది. ఉక్కు సామాన్లను ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం, ఆ పైన పెళుసుతనం పోవడానికి కరెంటు ఫర్నేసులో తక్కువ వేడి మీద కొంతసేపు ఉంచడం, అదీ పని. ఆ ఏడాది ఒక చక్కెర ఫ్యాక్టరీకి చెరకు నరికే కత్తులు చేసిచ్చారు. నాలుగు రోజులు తిరక్కుండానే మొద్దుబారి మొత్తం వెనక్కొచ్చాయి. రెండో లాట్ అప్పటికే తయారై షెడ్డులో ఉంది.

"ఇదీ వెనక్కొస్తే షెడ్డు మూసుకోవడమే. ఆ ఉక్కు అమ్మినోడు నన్ను ముంచేశాడు," అన్నారాయన.

రెండో లాట్‌లోంచి ఒక ముక్క కోయించి లాబ్‌కి పట్టుకెళ్ళాను. నున్నగా పాలిష్ చేసి, యాసిడ్ రాసి చూశాను. గట్టిపడ్డ ఉక్కులో ఇరుక్కుపోయిన కార్బన్, మళ్ళీ వేడి తగిలితే ఇనుముతో కలిసి సన్నటి రేణువులుగా పేరుకుంటుంది. కార్బైడ్ అంటాం. సరిగ్గా చేసిన ముక్కలో అవి విడివిడిగా కనిపించనే కనిపించవు, అంత సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. కత్తికి బలం అదే. వేడిలో మరీ ఎక్కువసేపు ఉంచితే చిన్నవి కరిగిపోతాయి, వాటి కార్బన్ పెద్దవాటికి చేరుతుంది, పెద్దవి ఇంకా లావెక్కుతాయి, కత్తి మెత్తబడిపోతుంది. మా ముక్కలో ఆవగింజల్లా లావుగా, దూరం దూరంగా కనిపించాయి. ఉక్కు అమ్మినవాడి తప్పేమీ లేదు.

తప్పెక్కడ జరిగిందో పెద్దగా ఆలోచించక్కర్లేకపోయింది. కరెంటు పోతే ఫర్నేసు తలుపు తీయకూడదనేది మామగారి నాటి నుంచీ ఆ షెడ్డులో నియమం, వేడి వృథా అవుతుందని. ఇటుకల గూడు, ఓ పట్టాన చల్లారదు. కరెంటొచ్చాక, ఎందుకైనా మంచిదని, టైము మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేవారు. ఆ ఏడాది పూటకోసారి కరెంటు కోత. కత్తులు లోపల ఉడుకుతూనే ఉండేవి.

అన్నం వడ్డిస్తూ చెప్పాను.

"నా ఫర్నేసు సంగతి నువ్వు చెప్తావేంటే నాకు?" అని కంచం ముందు నుంచి లేచిపోయారు.

ఒళ్ళు మండింది. "ఎవరి కోసమండీ నేను కళ్ళు పోగొట్టుకుంటోంది!" అన్నాను. ఏడుపొచ్చేసింది కూడా.

పొద్దున కాఫీ తాగుతూ, నా వైపు చూడకుండా అడిగారు. "ఇప్పుడేం చెయ్యాలంటావ్?"

"మళ్ళీ ఎర్రగా కాలిస్తే ఆ రేణువులు కరిగిపోతాయండీ. నూనెలో ముంచి అన్నీ మొదటి నుంచి చేసుకోవచ్చు."

"మళ్ళీ మొదటి నుంచా," అని నిట్టూర్చారు. "సరే, సాయంత్రం షెడ్డుకి రా. టైము నువ్వే చూడు."

వెళ్ళాను. మళ్ళీ కాల్చి నూనెలో ముంచిన కత్తులు కరెంటు ఫర్నేసులో ఉండగా ఠప్పున కరెంటు పోయింది. అలవాటుకొద్దీ ఆయన చెయ్యి తలుపు గడియ మీదకు వెళ్ళింది, ఇంకా బిగిద్దామని. ఆగి నా వంక చూశారు. గడియ లాగి తలుపు బార్లా తెరిచారు. వేడి ఇద్దరి ముఖాలకీ కొట్టింది.

"మా నాన్న ఉంటే చెంప పగలగొట్టేవాడు," అంటూ పట్టకారుతో కత్తులు ఒక్కొక్కటే బయట పెట్టారు. కరెంటొచ్చాక, మిగిలిన టైము మాత్రం చూసి లోపల ఉంచాం.

ఆ లాట్ వెనక్కి రాలేదు. ఇంకో ఆర్డరూ వచ్చింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు నాకు, ఎందుకంటే రోజూ లాబ్ నుంచి సరాసరి షెడ్డుకే వెళ్ళాల్సొచ్చేది. ఒళ్ళు హూనమైపోయింది. ఒకరోజు కాళ్ళు లేవట్లేదు, నేను రాలేనన్నాను. ఆయన ఒక్కరే షెడ్డుకి వెళ్ళారు. నేను లేనని ఆ రోజు ఫర్నేసు వెయ్యనే లేదట. ఆ సంగతి తెలిశాక మర్నాడు వెళ్ళక తప్పలేదు.