దానయ్య పేరుకు పలికిన గొంతు

1948 ఎండాకాలంలో మా క్రైస్తవ మిషన్ నన్ను ఇబ్రహీంపట్నం పక్కనున్న ఒక చిన్న ఊరికి ఉపదేశిగా వేసింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా కొలువులో ఉపదేశి అట్టడుగు మెట్టు. పిల్లలకు అక్షరాలు చెప్పడం, ఆదివారం ప్రార్థన నడపడం, పోయినవాళ్లను పాతిపెట్టడం, అన్నిటికన్నా ముఖ్యంగా సంఘం పుస్తకం రాయడం మా పని. యేసు చివరిసారి శిష్యులతో పంచుకున్న భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచడాన్ని మేము ప్రభువు బల్ల అంటాం. అది ఇచ్చే అధికారం ఉపదేశికి లేదు. అభిషేకం పొందిన అయ్యగారు మూడు నెలలకోసారి పట్నం నుంచి వచ్చి ఇచ్చేవారు.

సంఘం పుస్తకంలో ప్రతి పేరుకూ ఖానాలు ఉండేవి: బాప్తిస్మం, పెళ్లి, బల్లకు హాజరు, చివరగా మృతి. బల్ల రోజున ఉపదేశి ముందు నిలబడి పేర్లు చదవాలి. పేరు వినగానే ఆ మనిషి కూర్చున్న చోటి నుంచే "ఉన్న" అనాలి. ఎందరు పలికితే అయ్యగారు రొట్టెను అన్ని ముక్కలే విరిచేవారు. ఒకటి తగ్గకూడదు, ఒకటి మిగలకూడదు. దీవించిన రొట్టె పళ్లెంలో మిగలడం అపచారమని ఆయన పట్టుదల. వేరే అయ్యగార్ల దగ్గర ఇంత కచ్చితం ఉందో లేదో అప్పటికి నాకు తెలియదు. మా అయ్యగారి దగ్గర మాత్రం దీనికి తిరుగు లేదు.

నేను చేరిన నెలలోనే దానయ్య కనబడకుండా పోయాడు. పుస్తకంలో పేరు దానియేలు. బావుల్లో నీళ్లు తోడే మోట బొక్కెనలకు తోలు తొండాలు కుట్టేవాడు. ఒక పొద్దున తుపాకులు పట్టుకున్న మనుషులు వచ్చి, బావి దగ్గర పనిలో ఉన్నవాణ్ణి తీసుకుపోయారు. రజాకార్లని కొందరన్నారు, కమ్యూనిస్టు దళం వాళ్లని కొందరన్నారు, పోలీసులని ఇంకొందరన్నారు. ఆ రోజుల్లో తుపాకిని చూసినవాడు దాన్ని పట్టుకున్న మొహాన్ని చూసేవాడు కాదు. అందుకని ఎవరి మాటనూ నేను తప్పుపట్టలేదు.

సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. జైళ్లలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు చేరారు. దానయ్య రాలేదు. అతని భార్య రూతమ్మ పట్నం దాకా నడిచిపోయి జైలు దర్వాజా ముందు మూడు రోజులు కూర్చుని వచ్చింది. లోపల ఉన్నవాళ్ల పేర్లలో లేడన్నారు. చచ్చినవాళ్ల పేర్లలోనూ లేడన్నారు.

రూతమ్మకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. పుట్టింటివాళ్లు మారుమనువు చేస్తామని తొందరపెడుతున్నారు. మగడి పేరు దగ్గర మృతి ఖానా నిండితే తప్ప సంఘంలో రెండో పెళ్లి చేయరు. ఆ ఖానా నింపడానికి శవాన్ని చూసిన సాక్షులు ఇద్దరు కావాలి. అత్తేమో కొడుకు బతికే ఉన్నాడని రోజూ ఒక ముంతలో గంజి పోసి పక్కన పెట్టేది. మధ్యలో నలిగిపోయింది రూతమ్మే.

ఆమె నా దగ్గరికి వచ్చి ఒకటే అడిగేది. "ఉన్నడో లేడో ఒక్క మాట చెప్పు పంతులూ. ఏడ్సుడో ఎదురుసూసుడో, ఏదన్న ఒకటి జేస్త. రెండూ జేసుడు నాతోని అయితలేదు."

దేవునికి తెలుసమ్మా అనేవాణ్ణి. శిక్షణలో నేర్పిన జవాబు అది.

"దేవునికి ఎరుకే. నాకు ఎరుక గావాలె" అని వెళ్లిపోయేది. ఆమె వెళ్లాక నా మీద నాకే సిగ్గేసేది.

సీతాఫలాలు పండే రోజులకు దారులు తెరుచుకుని అయ్యగారు వచ్చారు. రాగానే పుస్తకం తిరగేసి, దానయ్య పేరు కింద పెన్సిలుతో గీత గీశారు. మృతి అని రాయలేమని, ఉన్నాడని పిలవనూ లేమని, రూతమ్మ మానని పుండును కెలకవద్దని, ఆ పేరు వదిలేసి చదవమని చెప్పారు. సరేనన్నాను.

మట్టిగోడల ప్రార్థన ఇల్లు, పట్టపగలు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. వెనక దర్వాజా పక్కన చాప మూల దానయ్య చోటు. ఎవరూ చెప్పకుండానే అందరూ దాన్ని వదిలేసి కూర్చున్నారు. నేను పేర్లు మొదలుపెట్టాను. ఇళ్ల వరసన అన్నీ నోటికి వచ్చు, జవాబు విన్నాక గీత పెట్టడానికే తప్ప పుస్తకం చూడకపోవడం నా గొప్ప. ఆ గొప్పే నా కొంప ముంచింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. వరసలో ఆ ఇల్లు రాగానే "దానియేలు" అనేశాను.

"ఉన్న."

గట్టిగా కాదు, గొణిగినట్టూ కాదు. ఎప్పుడూ పలికే మనిషి పలికినట్టే, దర్వాజా పక్క నుంచి వచ్చింది. తల ఎత్తి చూశాను. చాప మూల ఖాళీగా ఉంది. దర్వాజా అవతల కల్లం దాకా ఎండే తప్ప మనిషి జాడ లేదు. లోపలున్న మొహాలన్నీ నా వైపే ఉన్నాయి, ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

నా చేయి మాత్రం అలవాటు కొద్దీ హాజరు ఖానాలో నిలువు గీత పెట్టేసింది. మిగతా పేర్లు ఎలా చదివానో గుర్తు లేదు. ఎందరని అయ్యగారు అడిగారు. ముప్పై ఒకరన్నాను. ఆయన ముప్పై ఒక్క ముక్కలు విరిచారు. అందరూ వరసగా వచ్చి తీసుకుపోయారు. పళ్లెంలో ఒక ముక్క మిగిలింది.

అయ్యగారు నా వైపు చూశారు. తర్వాత ఆయన చూపు దర్వాజా పక్కనున్న ఖాళీ చాప మూలకు పోయింది. ఆయన కూడా విన్నారని అప్పుడు తెలిసింది. పళ్లెం మీద తెల్లగుడ్డ కప్పి, ఆశీర్వాదం చెప్పి ముగించారు.

జబ్బుతో రాలేనివాళ్ల తరఫున ఇంటివాళ్లు "ఉన్న" అనడం కొన్ని ఊళ్లలో ఉండేది. అలా ఎవరైనా పలికారేమోనని మగవాళ్లను ఒక్కొక్కరినే అడిగాను. అందరూ ఒట్టు వేశారు. సంఘ పెద్ద యాకోబుకు కోపమే వచ్చింది.

"నేను నీ ముందటనే కూసుంటి గద! గది మన దానయ్యగాని గొంతే. చిన్నప్పటి సంది విన్న, నాకెర్క లేదా?"

దానయ్య తల్లి అప్పటికే ఇంటికి పరుగెత్తింది, గంజి వేడి చేయడానికి. గుట్టల్లో దాక్కున్నాడని కొందరు, ఆత్మ వచ్చిందని కొందరు మొదలుపెట్టారు. రూతమ్మ మాత్రం కదలకుండా కూర్చుంది. జనం పలచబడ్డాక లేచి అయ్యగారి ముందుకు వచ్చింది.

"గది ఆయన గొంతు కాదు అయ్యా."

అందరూ ఆయనదే అంటున్నారని నేను మధ్యలో అన్నాను.

"ఆళ్లు అంటరు. ఆయనతోని కాపురం జేసింది నేను."

మరి ఎవరిదమ్మా అని అయ్యగారు అడిగారు.

"నాకెర్క లేదు. గని బతికుంటే ఆయన పేరుకు ఆయనే పలుకుతుండె. ఇంకొకలు పలికిన్రంటే, ఆయన పలకలేని తాన ఉన్నడు. ఆయన దిక్కు నిలవడెటోళ్లు ఒకలున్నరు. గంతే చాలు. ఇగ నేను ఏడుస్త."

దర్వాజా పక్కన ఆ చాప మూలనే కూర్చుని ఏడ్చింది. ఇన్ని నెలల్లో ఆమె ఏడవడం ఊరు చూడటం అదే మొదలు. ఏడుపు తెరిపిచ్చాక అయ్యగారు గుడ్డ తీసి, మిగిలిన ముక్కను ఆమె చేతిలో పెట్టారు. ఒక మనిషికి రెండో ముక్క ఇవ్వడం నియమానికి విరుద్ధం. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. రూతమ్మ దాన్ని అక్కడే తినేసింది.

మృతి అని రాయమని ఆమె అడిగింది. సాక్షులు లేరు కనుక ఆ ఖానా ఖాళీగానే వదిలాను. హాజరు గీతను మాత్రం కొట్టేయలేదు. పుస్తకం ప్రకారం దానయ్య ఆ రోజు బల్లకు వచ్చాడు, ఆ తర్వాత మరెప్పుడూ రాలేదు. అతని తల్లి కన్నుమూసేదాకా ముంతలో గంజి పోస్తూనే ఉంది. దానయ్య ఏమయ్యాడో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు.

మరుసటి ఏడాది రూతమ్మకు మళ్లీ పెళ్లయింది. ఖానా ఖాళీగా ఉండగానే అయ్యగారు తానే చేశారు. మొదటి భర్త మృతికి సాక్షులెవరని మిషన్ పెద్దలు సంజాయిషీ అడిగారు. ఆయన చెబుతుంటే జవాబు రాసింది నేనే. సాక్షి ఒకరున్నారని, ఆ సాక్షి పేరు తనకు తెలియదని రాయించి సంతకం పెట్టారు. మిషన్ నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు.

తర్వాత నేనూ అభిషేకం పొంది, చాలా సంఘాల్లో పనిచేసి రిటైరయ్యాను. విశ్వాసి దగ్గర ప్రతి ప్రశ్నకూ జవాబు ఉండాలని శిక్షణలో చెప్పారు. తెలియని ఖానాను ఖాళీగా ఉంచడం కూడా మా ఉద్యోగంలో భాగమేనని ఆ ఊళ్లో నేర్చుకున్నాను. ఆ రోజు నుంచి పుస్తకం చూడకుండా ఒక్క పేరూ చదవలేదు. పేరు చదివాక జవాబు కోసం ఆగేవాణ్ణి. జవాబు వినబడితే గీత పెట్టేవాణ్ణి. పలికింది ఎవరో చూడటానికి మాత్రం తల ఎత్తలేదు.