నాలుగు దిక్కులకు కాళ్ళున్న మేక

కొత్తగా బొమ్మలు వేసేవాళ్ళో, కథలు రాసేవాళ్ళో వచ్చి సలహా అడిగితే ఇప్పుడు వెంటనే నోరు తెరవను. ముందు "ఇది ఏంది, ఎందుకిట్ల వేసినావు?" అని అడుగుతాను. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా వింటాను. ఈ పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు. ఒక మనిషికి అన్యాయం చేసి నేర్చుకున్నాను.

మార్కాపురంలో ఒక బడిలో డ్రాయింగ్ టీచరుని. నా కథలు కొన్ని పత్రికల్లో వచ్చాక ఊళ్ళో కాస్త పేరు వచ్చింది. ఆదివారం పొద్దున లైబ్రరీలో కొత్తవాళ్ళను కూర్చోబెట్టుకుని మెళకువలు చెప్పేదాన్ని. చెప్పడమంటే నాకు మహా ఇష్టం. వినే ఓపిక మాత్రం ఉండేది కాదు.

ఒక ఆదివారం ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పలకల ఫ్యాక్టరీలో రాతి అంచులు సాపు చేసే పని ఆమెది. చీర నిండా బూడిదరంగు దుమ్ము. చేతిసంచిలోంచి పగిలిన పలక ముక్కలు తీసి బల్ల మీద పరిచింది. వాటి మీద మేకుతో గీసిన మేకలున్నాయి.

"పక్కింటోళ్ళు చెప్పినారు టీచరమ్మా, నువ్వు బొమ్మల సంగతి చెప్తావంట. ఎట్లుండాయో చూడు," అంది.

ఒక మేకకు నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు చాపుకుని ఉన్నాయి. కడుపు తల కంటే పెద్దది. ఆ కడుపులో అడ్డంగా ఒక పిల్ల. నేను పెన్సిల్ తీసుకుని తప్పులు చూపించడం మొదలుపెట్టాను.

"మేక కాళ్ళు ఇట్ల ఉండవు పెద్దమ్మా. కడుపులో పిల్ల బయటికి ఎట్ల కనపడతది?"

కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఒక డ్రాయింగ్ పుస్తకం ఆమె చేతిలో పెట్టి, ముందు ఇందులోని ఆపిల్ పండు, కూజా వేసి చెయ్యి కుదుర్చుకోమన్నాను.

"చదువుకున్నదానివి. నువ్వు చెప్తే అట్లనే తల్లీ," అంది. పోతూ పోతూ ఆ మేక ఉన్న ముక్కను నాకే ఇచ్చింది. "నీ దగ్గర ఉండనీ."

తర్వాత రెండుసార్లు వచ్చింది. నోట్‌బుక్కు నిండా ఆపిల్ పండ్లు, కూజాలు. పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే. దారిలో పడ్డావని మెచ్చుకున్నాను. ఆ తర్వాత రాలేదు. ఎందుకు రాలేదో నేను పట్టించుకోలేదు.

రెండేళ్ళకు నా మొదటి కథల పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. ముఖచిత్రం మీరే వేయండి అన్నారు ప్రచురణకర్త. ఎన్ని వేసినా అన్నీ కొలతకు సరిగ్గా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ప్రాణం లేదు. పరీక్ష పేపర్లు ఎగరకుండా ఆమె ఇచ్చిన పలక ముక్కను బరువుగా పెట్టుకుని ఉన్నాను. దాన్ని తీసి ముందు పెట్టుకున్నాను. నల్ల సిరాతో ఆ మేకనే దించాను. కింద నా పేరు రాసుకున్నాను.

గిద్దలూరులో ఒక కాలేజీలో సభ పెట్టారు. కథల కంటే అట్ట మీది బొమ్మనే ఎక్కువ మెచ్చుకున్నారు. "ఈ ఆలోచన ఎలా వచ్చింది మేడమ్?" అని ఒక లెక్చరర్ అడిగాడు. "చిన్నప్పటినుంచి మా ప్రాంతపు మేకల్ని చూస్తున్నా కదా," అన్నాను. చప్పట్లు కొట్టారు.

బస్సు కంభం దాటేటప్పటికి నేను చెప్పింది అబద్ధమని నాకే తెలిసొచ్చింది. ఆ మేకను నేను ఎన్నడూ చూడలేదు. చూసిన మనిషిని నవ్వి పంపించాను.

ఫ్యాక్టరీలో అడిగితే, ఆయాసం వచ్చి పని మానేసిందన్నారు. పుల్లలచెరువు అవతల ఉన్న తన పల్లెకు పోయిందట. మరుసటి వారం ఆటో మాట్లాడుకుని పోయాను. ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టి వాటి పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, లోపలికి రమ్మంది. స్నానాల దడి దగ్గర నేల మీద ఆ పలక ముక్కలే పరిచి ఉన్నాయి. మేకలన్నీ కాళ్ళకింద అరిగిపోయాయి.

పుస్తకం ఆమె చేతిలో పెట్టాను.

"ఇది నా మేకే గదా!"

"నీదే పెద్దమ్మా. నిన్ను అడక్కుండా వేసుకున్నా. నా పేరు పెట్టుకున్నా."

అట్ట మీద వేలితో తడుముతూ చాలాసేపు చూసింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "కాళ్ళు తప్పన్నావు గదా తల్లీ. నీ పుస్తకంలో ఎట్ల సరిపోయినాయి?"

ఎందుకిట్ల వేసినావని, మొదటిరోజు అడగాల్సిన మాట అప్పుడు అడిగాను.

"పిల్ల అడ్డం తిరిగితే మేకను పండబెట్టి నాలుగు కాళ్ళూ ఇట్ల పట్టుకుంటాం," అంది. "నేను చెయ్యి పెట్టి పిల్లను సర్దుతా. కంటికి కనపడదు గానీ చేతికి తెలుస్తది. ఆ మేక బతకలా. నీళ్ళు లేని ఏడు అది. మర్చిపోతానేమోనని గీసినా."

"మళ్ళీ వెయ్యి పెద్దమ్మా. నేను చెప్పిందే తప్పు."

"వేద్దామనే కూచుంటా. కాళ్ళు ఎక్కడ పెట్టాల అనుకోంగానే నువ్వు గుర్తొస్తావు. చెయ్యి ఆడదు."

తిట్టి ఉంటే తేలికపడేదాన్ని.

ప్రచురణకర్తకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మళ్ళీ అచ్చు వేస్తే మారుస్తామన్నారు. నా దగ్గర మిగిలిన ప్రతులన్నిట్లో మొదటి పేజీ మీద, ముఖచిత్రంలోని మేక ఆమెదని పేరుతో సహా పెన్నుతో రాశాను. గిద్దలూరు కాలేజీకి మళ్ళీ పోయి, అప్పుడు నేను అబద్ధం చెప్పానని ఆ పిల్లల ముందే చెప్పాను. లెక్చరర్ ఇబ్బందిగా కదిలాడు. అమ్ముడుపోయిన పుస్తకాలు ఎవరింట్లో ఉన్నాయో, వాటిల్లో ఆ మేక ఇంకా నాదే.

అందుకే కొత్తవాళ్ళకు ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. ఒకరి బొమ్మనో, ఒకరి బతుకునో తీసుకుంటే అచ్చుకు ముందే వాళ్ళ దగ్గరికి పోయి చెప్పండి. తర్వాత పోతే చెప్పడానికి మాటలుంటాయి గానీ సరిదిద్దడానికి చోటుండదు.

నెలకోసారి ఆ పల్లెకు పోతూనే ఉన్నాను. పోయినసారి నేను టీ తాగుతుంటే ఆమె గోడవైపు తిరిగి పలక ముక్క మీద ఏదో గీసింది. కాసేపటికి బోర్లించి ఒడిలో పెట్టుకుంది. ఏం గీసిందో చూపించమని నేను అడగలేదు.