ఒడిబియ్యం దినం కారుల ఉడికిన పిట్ల

మొన్న బుధవారం నేను పిట్ల వండిన. అరె, నవ్వకున్రి, ముచ్చట మొత్తం ఇనున్రి. పిట్ల అంటే తెలుసుగద, శనగపిండి నీళ్లల్ల కలిపి తిప్పుకుంట ఉడకబెట్టే కూర. జొన్నరొట్టెలకు మస్తుగుంటది. అందరు పొయ్యి మీద వండుతరు, నేను కారుల వండిన! అది గూడ వికారాబాద్ నుంచి తాండూరు పోయే తొవ్వల, మా ఆమె పట్టుచీర కట్టుకొని పక్కసీట్ల కూసున్నప్పుడు.

చాయ్ తాగుకుంట ఇనున్రి, చల్లారుతది.

నా కారు సంగతి మీకు ఎరుకే. నా దగ్గరికి రాకముందే ముగ్గురి చేతులు మారింది. మీటర్ రెండు లక్షల కిలోమీటర్లు దాటినంక ఒకరోజు తిరుగుడే బంద్ చేసింది, లెక్కపెట్టి లెక్కపెట్టి దానికే యాష్టకొచ్చినట్టుంది. అయినా గా బండంటే నాకు పాణం. నా ఎరువుల దుకాణం మధ్యాహ్నం పూట ఖాళీగుంటదిగద, బానెట్ లేపి ఏదో ఒకటి గెలుకుత. ఎడమ అద్దం కిందికి జారకుంట కట్టెముక్క చెక్కిన. హారన్ బటన్ పాడైతే కాలింగ్ బెల్ స్విచ్ తెచ్చి బిగించిన. డాష్‌బోర్డు అర మూత ఊడితే మా ఆమె జడపిన్ను పెట్టిన. మా ఆమె పేరు సరిత. "ఇది కారా, మనింటి పాత సామాన్ల కొట్టా?" అంటది. అననీ, బండి నడుస్తుందిగద!

ఎండకాలంల రేడియేటర్ కారుడు మొదలయింది. చుక్క, చుక్క. మా దుకాణం ఎదురుంగ ఖాజా భాయ్ అని మెకానిక్ ఉన్నడు. ఆయన దగ్గర నేను పని చేయించుకోను, సలహాలే అడుగుత. ఫ్రీ గద! ఆయన ఒంగి చూసి, "సేట్, గింత దానికి కొత్తది ఎందుకు? రెండు చెంచాల హల్దీ ఎయ్యి. లారీలోళ్లు గట్లనే చేస్తరు. బస్, బంద్ అయితది" అన్నడు.

ఏసిన. నిజంగనే బంద్ అయింది! పసుపు పోయి సన్న చిల్లులకు అడ్డం పడ్డది. ఇగ నా సంతోషం చూడాలె. దుకాణానికి యూరియా కోసం వచ్చిన రైతులకు గూడ రేడియేటర్ వైద్యం చెప్పుడు మొదలుపెట్టిన. కానీ వారం పది దినాలకొకసారి మల్ల కారేది, నేను మల్ల వంటింట్లకు పోయేటోన్ని. మా ఇంట్ల కూరలు మెల్లగ తెల్లబడ్డయి. ఒకరోజు సరిత పసుపు లేని పప్పు గిన్నె నా ముందట పెట్టి, "పసుపు మీ కారు తాగింది, పోయి దాన్నే అడుగున్రి" అన్నది. గా దినం నుంచి పసుపు డబ్బ కనబడకుంట పోయింది. దాచిపెట్టింది!

గిప్పుడు అసలు కథ.

సరిత పుట్టినిల్లు తాండూరు. మా దిక్కు ఆడబిడ్డకు ఐదేండ్లకొకసారి పుట్టింటోళ్లు ఒడిబియ్యం పోస్తరుగద. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, కొత్త చీర. అల్లునికి బట్టలు. ఈసారి బుధవారం పెట్టుకున్నరు, పన్నెండు లోపల పోయాలె, ఆ తర్వాత రాహుకాలం. సరిత నెల దినాల నుంచి దాని గురించే మాట్లాడుతుంది. పోయినసారి పోసినప్పుడు వాళ్ల బాపు ఉండె. ఈసారి ఆయన లేడు. తమ్ముడు రమేశ్ దగ్గరుండి చేస్తుండు. "మా తమ్ముడు చేసే మొదటిసారి" అనుకుంట ఊకె కండ్లు తుడుచుకునేది.

గా రమేశ్, అంటే నా బామ్మర్ది, తాండూరుల నాపరాళ్ల పాలిష్ మిషిన్ నడుపుతడు. ఈ మధ్యనే కొత్త కారు కొన్నడు. ముందురోజు ఫోన్ చేసిండు.

"బావా, పొద్దుగాల కారు పంపిస్త. మీరిద్దరు మంచిగ ఏసీల రాండ్రి."

"ఎందుకు? నా కారుకేమైంది?"

"ఏం కాలే బావా. అది గిట్ల తొవ్వల..."

"తొవ్వల ఏంది?"

"ఏం లేదు. అక్కకు టైముకు రావాలెగద అని."

ఉన్నమాటంటే ఉలుకు అంటరుగద, నాకు బగ్గున మండింది. "నీ కారు నువ్వే ఉంచుకో. మీ అక్కను పదకొండుకల్ల మీ గడప ముందట దించుత" అన్న. పక్కనుంచి సరిత సైగ చేస్తనే ఉన్నది, ఒప్పుకోమని. నేను చూడనట్టు గోడ దిక్కు తిరిగిన.

బుధవారం పొద్దుగాల లేచి చూస్తే కారు కింద మడుగు! చుక్కలు గాదు, ధార. సరిత స్నానంల ఉన్నది. వంటింట్లకు ఉరికిన. పసుపు ఏడ దాచిందో ఏమో, పై అరలు, కింది అరలు, బియ్యం డ్రమ్ము ఎనక, అన్ని వెతికిన. పొయ్యి పక్క కింది అరల, లోపటికి, మూతకు సొట్ట ఉన్న స్టీలు డబ్బ దొరికింది. మూత తీసిన. పచ్చగ, మెత్తటి పొడి! "నాకెల్లి దాస్తవా సరితా" అని మీసం దువ్వుకున్న. వాసన చూడొచ్చుగద అంటరేమో, చూసిన. కానీ రెండు దినాల నుంచి జలుబు, ముక్కు పనిచేస్తే గద! తొందరల రంగు తప్ప ఇంకేం కానరాలె.

రెండు చెంచాలు ఏస్తే చాలు. కానీ దూరం పోవాలె, అనంతగిరి ఘాటు దిగాలె, బామ్మర్ది ముందట పరువు దక్కాలె. సగం డబ్బ కుమ్మరించిన. నీళ్లు పోసి పది నిమిషాలు ఇంజన్ నడిపిన. చుక్క కారితే ఒట్టు! ధార గూడ ఆగిపోయింది. ఖాజా భాయ్‌కి ఫోన్ చేసి మరీ చెప్పిన.

బయలుదేరినం. అనంతగిరి చెట్లల్ల చల్లగ గాలి. సరిత కొత్త గాజులు చూసుకుంట కూసున్నది. ఘాటు దిగుతుంటే ముక్కు ఎగబీల్చింది.

"ఎవరో పిట్ల వండుతున్నరు."

"అడవిల ఎవరు వండుతరే?"

"ఏమో, కమ్మటి వాసన."

"గుట్ట మీద హోటళ్లు ఉంటయి" అన్న. నాకేం వాసన రాలె.

ధారూరు వచ్చింది. సరిత మల్ల అన్నది, "ఈ ఊర్ల గూడ పిట్లనే!"

"బుధవారం గద, కూరగాయలు దొరకలేదేమో" అన్న. నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

ధారూరు దాటి ఊర్లు లేని కాడికి వచ్చినం. రెండు దిక్కుల కంది చేన్లు తప్ప ఏం లేదు. సరిత నా దిక్కు తిరిగింది. "ఏమండీ, ఆ పిట్ల మన ఎంబడే వస్తుంది. గిప్పుడు మాడుతుంది గూడ."

గప్పుడు చూసిన, బానెట్ సందుల్లకెల్లి తెల్లటి పొగ! మా బండిల వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చింది, చెయ్యి పెట్టి చూసుకోవాలె. పక్కకు ఆపి బానెట్ లేపిన. లోపట బుడబుడ అని చప్పుడు. దూరం నిలబడి, గోనెసంచి కప్పి, కట్టెతోని మూత మెల్లగ తిప్పిన. ఠప్! మూత ఎటో ఎగిరిపోయింది. సంచి నా కాళ్ల మీద పడ్డది. పచ్చటి, చిక్కటి ముద్ద ఒకటి పైకి లేచి, బానెట్ అంతా పారి, నేను దూరం ఉరికినా సగం నా తెల్ల అంగీ మీదకొచ్చింది. నా అదృష్టం, గాల్ల ఎగిరి మీద పడేసరికి జర సల్లబడ్డది, కాలలేదు.

సరిత దిగింది. నా అంగీ దగ్గరికి ముక్కు పెట్టింది. ఆమె ముఖంల రంగు మారింది.

"ఏ డబ్బల నుంచి తీసిన్రు?"

"పొయ్యి పక్క కింది అర. సొట్ట మూతది."

"అది శనగపిండి! పండుగకు బజ్జీలకని పట్టించి పెట్టిన!"

"మరి పసుపు?"

"పసుపు నా బీరువల ఉన్నది. చీరల నడుమ. మీకు దొరకకుంట."

చీరల నడుమ! దొంగకు భయపడి బంగారం దాచుకునేది చూసిన గానీ, మొగనికి భయపడి పసుపు దాచుకునేది ఈడనే చూసిన.

గంతల మేకలు తోలుకొని ఒక తాత వచ్చిండు. కర్ర మీద గడ్డం ఆనించి, బానెట్‌లకు తొంగిచూసి, గాలి పీల్చి, చిన్నగ అడిగిండు: "పిట్ల మంచిగనే ఉడికింది సారూ. పోపు పెట్టలేదా?"

సరిత నవ్వుతదేమో అనుకున్న. నవ్వలె. తొవ్వ పక్క రాయి మీద పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని కూసున్నది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "మా బాపు ఉంటే వచ్చి తోలుకపోతుండె" అన్నది. అంతే అన్నది. నిజం చెప్తున్న, నేను ఫోన్‌ల బామ్మర్దితోని కొట్లాడింది, గోడ దిక్కు తిరిగింది, అన్ని యాదికొచ్చినయి. ఒక్క మాట "పంపియ్యి రమేశ్" అంటే నా సొమ్మేం పోయేది?

ఒక షేర్ ఆటో వచ్చింది, పెద్దేముల్ దిక్కు పోయేది. లోపట కూలికి పోయే ఆడోళ్లు నిండ కూసున్నరు, కొడవళ్లు, టిఫిన్లు. జాగ లేదు. నేను అడ్డం నిలబడి చేతులు జోడించిన. "అమ్మా, ఒడిబియ్యానికి పోవాలె, పన్నెండు లోపల తాండూరు చేరాలె." అంతే! "అయ్యో, ఆడబిడ్డ ఒడిబియ్యానికి పోతుందట, జరుగున్రే!" అని ఒకామె ఇంకొకామె ఒళ్లె కూసున్నది. ఇంకొకామె సరిత చీర నలగకుంట కొంగు సర్దింది. నాకు మాత్రం జాగ దొరకలె. డ్రైవర్ నా అంగీ చూసి, "సార్ ఎక్కితే మా అందరికి ఆకలైతది" అన్నడు. అందరు నవ్విన్రు. సరిత గూడ కొంచెం నవ్వింది. నాకు గంతే చాలు.

ఆటో పోయింది. నేను, తాత, మేకలు మిగిలినం. మేకలు బానెట్ నాకుతుంటే ఎల్లగొట్టేది తాత పని, కారు తుడిచేది నా పని. కొద్దిసేపటికి ఫోన్ మోగింది. బామ్మర్ది.

"బావా, అక్క ఫోన్ చేస్తే ఎదురొచ్చిన, పెద్దేముల్‌కాడ కలిసింది, నా కారుల ఎక్కించుకున్న. కారు పంపిస్త అంటే వద్దంటివిగద. అందుకే ట్రాక్టర్ పంపిన."

"సరే రమేశ్" అన్న. జీవితంల మొదటిసారి అన్న.

ట్రాక్టర్ వచ్చింది. నాపరాళ్ల దుమ్ముతోని తెల్లగ మెరుస్తుంది. మోకు కట్టిన్రు. ముందట ట్రాక్టర్, ఎనక నేను, స్టీరింగ్ పట్టుకొని మహారాజు లెక్క. తాండూరు బజారుల ట్రాఫిక్ కోసం కాలింగ్ బెల్ స్విచ్ నొక్కుకుంట పోతున్న. హారన్ ఒక్కటే మంచిగ పనిచేసింది గా దినం! మా బంధువులందరు గేటు కాడనే నిలబడ్డరు, పెండ్లి ఊరేగింపు చూసినట్టు.

దిగంగనే మా అత్తమ్మ నా అంగీ చూసి చేతులు జోడించింది. "చూడున్రి, అల్లుడు పసుపు బట్టలతోనే అచ్చిండు! ఎంత శుభం!" సరిత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. ఇంక పన్నెండు కాలె, గబగబ పీట మీద ఆమె పక్కన కూసోబెట్టిన్రు. ముత్తయిదువలు బియ్యం పోస్తున్నరు. నేను తేలు కుట్టిన దొంగ లెక్క కూసున్న. గంతల మా అత్తమ్మ చెల్లె, ముసలామె, గాలి పీల్చి, "ఇంక వంట కాలేదంటిరిగద, పిట్ల వాసన ఏడికెల్లి వస్తుంది?" అన్నది. సరిత భుజాలు ఊగినయి. ఒడిలున్న బియ్యం గూడ ఊగినయి. ఆపుకోలేక నవ్వింది, నవ్వుకుంటనే మొత్తం చెప్పింది. బీరువ, చీరలు, మేకలు, పోపు, ఏదీ ఇడువలె. వాళ్ల బాపు ఫోటో గూడ నా దిక్కే చూసి నవ్వుతున్నట్టు అనిపించింది.

తర్వాత అల్లునికి బట్టలు పెట్టే టైం. రమేశ్ పళ్లెం తెచ్చిండు. ప్యాంటు గుడ్డ, అంగీ గుడ్డ, టవల్. టవల్ మీద కిలో పసుపు ప్యాకెట్! పళ్లెం నా ఒళ్లె పెట్టి, "బావా, మా అక్కకు ఒడిబియ్యం, నీకు ఒడిపసుపు. మల్ల ఐదేండ్లకు పోస్తం, అప్పటిదాక పొదుపుగ వాడుకో" అన్నడు.

మరుసటి దినం ఇంటికొచ్చినంక వెతికితే, గా ప్యాకెట్ గూడ కనబడలె. బీరువ తాళంచెవి మాత్రం సరిత కొంగుకు ఉన్నది.