మాటల్ని అనుమానించిన పెద్దమ్మ

"మావ్‌శీ గేలీ" అని ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది మా పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండే పిల్ల. నేనప్పుడు దాదర్‌లో, పనిచేసే బట్టల దుకాణంలో, ఎవరికో చీర విప్పి చూపిస్తున్నాను. తెలుగింటి పిల్లే, కానీ దుఃఖమొస్తే దాని నోట మరాఠీ వస్తుంది. మా పెద్దమ్మను అది మావ్‌శీ అనేది. గేలీ అంటే పోయింది. నా చెవికి మాత్రం ముందు తెలుగు గేలి వినపడింది. ఎవరో నన్ను వెక్కిరిస్తున్నారనుకున్నాను. అర్థమయ్యాక కూడా ఏడుపు రాలేదు. ఈ సంగతి పెద్దమ్మకు చెబితే ఎంత మురిసిపోయేదో అనిపించింది. అప్పుడొచ్చింది.

ఆమె మా అమ్మకు అక్క. కామాఠిపురాలో తెలుగు బడి పిల్లలు లేక మూతపడేదాకా అందులో టీచరమ్మ. పెళ్లి చేసుకోలేదు. మా చాల్‌లో, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం బతికే ఆ పాత మేడలో, రెండో అంతస్తులో ఒక్క ఖోలీ, ఒక స్టవ్వు, మంచం కింద పుస్తకాలు. తలుపు లోపలి వైపు నల్లరంగు వేయించుకుంది. దానిమీద సుద్దముక్కతో మాటలు రాసేది.

ఆ మాటలు ఎక్కడివంటే, మన నోళ్లలోవే. పంపు దగ్గర ముసలమ్మలు, కూరగాయలామె, నాకా మీద, అంటే కూడలిలో, కూలికి నిలబడే పాలమూరు వాళ్లు, ఎవరైనా సరే, కొత్త మాట అన్నారంటే పట్టుకునేది. "ఏమన్నవ్? ఇంకోసారి అను" అని. వాళ్లు బెదిరిపోయి "ఏమనలే టీచరమ్మా" అనేవాళ్లు. గిలాబు అంటే గోడ పూత, ఇగురం అంటే తెలివిడి, తండ్లాట అంటే యాతన, కైకిలి అంటే కూలి. బుగులు రాసిన రోజు నన్ను పిలిచి చూపించింది. "భయమంటే ఎదురుంగ ఎవరో ఉంటరు. బుగులంటే ఎవరుండరు, అయినా తలుపు పెట్టుకుంటం. రెండూ ఒకటి కాదు" అంది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆమె ఖోలీలో పేపర్లు చదివేవాళ్లం. ఆడవాళ్లు వెల్లుల్లి ఒలుచుకుంటూ, పనిలేని మేస్త్రీలు గోడకానుకుని కూర్చునేవాళ్లు. మరాఠీ పేపరు, హిందీ పేపరు, అన్ని పార్టీల కరపత్రాలు, ఆమె చదివి తెలుగులో చెప్పేది. చెబుతూ చెబుతూ ఒక మాట దగ్గర ఆగిపోయేది.

"కాల్పులు జరిగినయ్ అని రాసిండు. జరుగుడేంది? వాన లెక్క వాటంతట అవే పడ్డయా? కాల్చినోడు ఏడి?"

పేపరు తిప్పి ఇంకో మాట మీద వేలు పెట్టేది.

"మారణాయుధాలు దొరికినట్టు తెలిసింది అంటుండు. ఎవరికి తెలిసింది? నీకు తెల్సిందా? నాకు తెల్వలే."

ఆమెకు నచ్చిన పార్టీ కరపత్రమైనా వదిలేది కాదు. "మనోడు రాసిండని కండ్లు మూసుకుంటమా?" అని ఇంకా గట్టిగా గిచ్చేది.

అప్పట్లో ఊరు నిమ్మళంగా లేదు. నాగ్‌పాడా వైపు రోజూ ఊరేగింపులు, ఒకరోజు రాళ్లు పడ్డాయి, ఫాక్‌లాండ్ రోడ్డు చివర బారికేడ్లు పెట్టారు. ఫోన్లలో ఏవేవో వీడియోలు. ఖోలీల ముందుండే గ్యాలరీలో ఎవరు నిలబడి మాట్లాడుతున్నా, ఇంకొకరు రాగానే మాట మార్చేవాళ్లు. ఆ రోజుల్లోనే, ఆదివారం చదువుకు వచ్చే ఒక పాలమూరు మేస్త్రీని పోలీసులు దారిలో పట్టుకెళ్లారు. పని నుంచి సంచీ భుజాన వేసుకుని వస్తున్నాడట.

సాయంత్రానికల్లా చాల్‌లో గుసగుసలు మొదలయ్యాయి. మా ఎదురు ఖోలీ అత్త నా ముందే అంది: "మనమేం మాట్లాడినా మీ పెద్దమ్మ తలుపు మీద రాస్తది గదా. ఎవరికోసం రాస్తున్నదో ఎవరికెరుక?"

పెద్దమ్మకు ఆ మాట వినపడింది. పొద్దున్నే మేస్త్రీ భార్యనూ నన్నూ వెంటబెట్టుకుని ఠాణాకు నడిచింది.

అక్కడ మేస్త్రీ వాంగ్మూలం మరాఠీలో రాసి సిద్ధంగా ఉంది. వేలిముద్ర వేయడమే తరువాయి. పెద్దమ్మ చదివి వినిపించమంది. ఆఫీసరు విసుక్కుంటూనే చదివాడు. ఒక వాక్యం దగ్గర ఆమె చెయ్యెత్తింది. గొడవ జరిగిన చోట నా దగ్గర 'హత్యారే' ఉన్నాయి, అని ఉంది అందులో. ఆయుధాలు అని.

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. "ఇట్ల నువ్వు చెప్పినవా?"

"చెప్పిన టీచరమ్మా. హత్యార్లు ఉన్నయా అని అడిగిండ్రు. ఉన్నయ్ అన్న."

"ఏం హత్యార్లు?"

"ఏముంటయ్? తాపీ, సుత్తె, మట్టపలక."

మేస్త్రీ భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పనిముట్లను మా మేస్త్రీలు హత్యార్లే అంటారు. ఆ మాట పెద్దమ్మ ఎన్నడో నాకా మీద విని, తలుపుమీద రాసి పెట్టుకుంది.

ఆమె మరాఠీలో ఆఫీసరుకు నెమ్మదిగా చెప్పింది: "సాహెబ్, వీళ్ల భాషలో అవి పనిముట్లు. పనిముట్లకు మీ మాట అవజారే, అదే రాయండి. ఈ మాట కింద వేలిముద్ర పడితే, రేపు కోర్టులో చదివేవాళ్లకు తాపీ కనపడదు, కత్తి కనపడుతుంది."

ఆయన కలం కింద పెట్టాడు. "మీరేం చేస్తుంటారు?"

"టీచర్‌ను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చదువుకుంటున్నాను."

మూలనున్న సంచీ తెప్పించి విప్పించాడు. తాపీకి సిమెంటు ఎండిపోయి ఉంది. కాగితం మళ్లీ రాశారు. మేస్త్రీని ఆ రోజు వదల్లేదు. గుత్తేదారు వచ్చి, ఇతను ఆ పూట నా పనిలోనే ఉన్నాడని చెప్పాక వదిలారు.

అంతటితో అనుమానాలు తీరిపోయాయనుకున్నాను. పెరిగాయి. "ముసలామె చెప్తే పోలీసోళ్లు ఇన్నరా? మనకైతే ఇంటరా?" అన్నారు. కొన్నాళ్లకు మామూలు బట్టల్లో ఒకాయన వచ్చి, తలుపు మీది మాటలకు ఫోటోలు తీసుకున్నాడు. ఇది ఏం సంకేతం అని అడిగాడు. పెద్దమ్మ ఒక్కో మాటా చదివి అర్థం చెప్పింది. ఆయన వెళ్లిపోయాడు. అది చూసినవాళ్లు, చూశారా, ఇంటికే వచ్చి మాట్లాడి పోతున్నారు అన్నారు. ఆదివారం చదువుకు మనుషులు రావడం మానేశారు.

నాకు ఎదురు ఖోలీ అత్త మీద అనుమానం. మేస్త్రీ పేరు ఆమే ఎవరికో చేరవేసి ఉంటుందని పెద్దమ్మతో అన్నాను.

"చూసినవా?"

"లేదు."

"ఇన్నవా?"

"లేదు గానీ..."

"మరి 'చేరవేసినట్టు తెలిసింది' అని నువ్వు గూడ పేపరోడి లెక్క రాసుకుంటవా?"

తర్వాత ఆ ఊసు నేనెత్తలేదు. ఎవరు చేశారో, అసలు ఎవరైనా చేశారో లేదో, ఈ రోజుకీ మాకు తెలియదు.

ఆ ఖాళీ ఆదివారాల్లో కూడా పెద్దమ్మ చాప పరిచి, తలుపు బార్లా తీసి, గట్టిగా చదివేది. వినడానికి నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ఒకరోజు మేస్త్రీ భార్య వచ్చి గడప దగ్గర కూర్చుంది. "నాకు అక్షరాలు నేర్పు టీచరమ్మా. ఇంకోసారి కాగితం చూపిస్తే నేనే చదవాలె" అంది. ముందు మరాఠీ అక్షరాలే కావాలని పట్టుబట్టింది. పెద్దమ్మ నవ్వి, అలాగే కానిమ్మంది. అక్షరాలు వచ్చాక మేస్త్రీ భార్య మరో ఇద్దరిని తీసుకొచ్చింది. ఎదురు ఖోలీ అత్త లోపలికి ఎప్పుడూ రాలేదు. కాకపోతే చదివే వేళకు బియ్యం చాట తెచ్చుకుని గ్యాలరీలో కూర్చునేది. ఆమె అక్కడుందని పెద్దమ్మ గొంతు కాస్త పెంచేది. ఆమెకు చెవుడని మాతో అనేది. అత్తకు చెవుడు లేదు.

చివరి నెలల్లో పెద్దమ్మకు ఊపిరి అందేది కాదు. ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. నేను దాదర్ నుంచి వచ్చేసరికి ఆమె తల దగ్గర మేస్త్రీ భార్యా, కాళ్ల దగ్గర ఎదురు ఖోలీ అత్తా కూర్చుని ఉన్నారు.

సాయంత్రం తీసుకెళ్లేటప్పుడు, ఎవరూ ఎరగని ఒక మనిషి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నడివయసు, ఇస్త్రీ చొక్కా. చేతిలో ఫోను. జనం గొంతులు తగ్గిపోయాయి. ఫోటోలు తీయడానికి వచ్చాడని ఒకరు, ఆ ఆఫీసరే మఫ్టీలో వచ్చాడని ఒకరు, పెద్దమ్మ బళ్లో చదువుకున్నవాడేమోనని ఇంకొకరు. ఆఫీసరు కాదని మాత్రం నాకు తెలుసు. ఎవరూ అడగలేదు. పాడె కిందికి దిగాక ఆయన ఫోను జేబులో పెట్టుకుని, చెప్పులు విప్పి, మేస్త్రీ వెనకాల పాడెకు భుజం పట్టాడు. ఫాక్‌లాండ్ రోడ్డు దాకా మోసి, ఇంకొకరికి అందించి, అలాగే ఒట్టి కాళ్లతో జనంలో కలిసిపోయాడు.

ఆ చెప్పులు ఇంకా మా మెట్ల కిందే ఉన్నాయి. ఎవరూ తీయరు, ఎవరూ తొడుక్కోరు. పొద్దున ఊడ్చే ఆమె వాటి చుట్టూ ఊడ్చుకుని పోతుంది.