బీరువా తలుపు లోపల లెన్స్ నంబరు

ఫ్రెండ్స్, ఇవాళ నాన్న పాత కెమెరా లెన్స్ తుడుస్తుంటే అంచున నంబరు కనిపించి నవ్వొచ్చింది. చిన్నప్పుడు మద్రాసులో మా వాషర్‌మెన్‌పేట్ ఇంట్లో అమ్మ గ్యాస్ నంబరు, రేషన్ నంబరు, దాని కిందే ఈ లెన్స్ నంబరు బీరువా తలుపు లోపల రాసిపెట్టింది. మీ ఇళ్లల్లోనూ అట్లనే రాసేవాళ్లు కదా?

ఒకసారి ఫొటోలు తీయడానికి పోతూ నన్నూ తీసుకెళ్లిన పెళ్లిలో నాన్న లెన్సూ, ఇంకో ఫొటోగ్రాఫర్ లెన్సూ కలిసిపోయాయి. రెండూ ఒకే రకం, ఒకదాని అద్దానికి గీత పడింది. గీత లేనిది నాదంటే నాదని ఇద్దరూ పట్టుబట్టారు. నాన్న అమ్మకి ఫోన్ చేశాడు.

"బీరువా తెరిచి లెన్స్ నంబరు చదువు మే!"

అమ్మ గడగడా చదివేసింది.

"అది గ్యాస్‌ది మే! ఆడ కింద చూడు!"

ఈసారి సరిపోయింది. గీత లేనిది మాదే.

"సారీన్నా, నాదాని నంబరు నేనెప్పుడూ చూడనేలేదు," అంటూ ఆయన వెంటనే వాళ్లావిడకి ఫోన్ కలిపాడు.

"ఏమే, పెన్ను తీసుకో, ఒక నంబరు చెప్తా!"